తాళం వేసే కాలు

మెక్కే కోవ్, కేప్ బ్రెటన్
ఫిబ్రవరి

అక్కా,

మంచం మీంచి రాస్తున్నాను, కంగారు పడకు. శనివారం హాల్లో డాన్సు అయ్యాక మెట్లు దిగుతుంటే మంచు మీద కాలు జారింది. చేతిలో ఫిడేలు ఉంది కదా, దాన్ని పైకెత్తి పట్టుకున్నాను. కాలి సంగతి కాలినే చూసుకోమన్నాను. ఫిడేలు మీద గీత కూడా పడలేదు. కుడి చీలమండ మాత్రం రెండు చోట్ల విరిగింది.

వాపు దిగేదాకా ఆపరేషన్ చెయ్యరట. తర్వాత ప్లేటు పెట్టి స్క్రూలు బిగిస్తారు. దానికి నేనేం భయపడటం లేదు. పడవలకి ఎన్ని స్క్రూలు బిగించలేదు నేను. నా భయమల్లా మత్తు గురించే. మత్తు డాక్టరమ్మ వచ్చి కూర్చుని మూడు దార్లు చెప్పింది. పూర్తిగా నిద్రపుచ్చడం ఒకటి. నడుములో సూది వేసి కిందిభాగం మొద్దుబార్చడం ఇంకోటి. మోకాలి వెనక నరానికి మత్తిచ్చి కాలొక్కదాన్నీ పడుకోబెట్టడం మూడోది. ఇది రెండోదాంతో కలిపి కూడా ఇస్తారట, తర్వాత నొప్పి తెలియకుండా.

నిద్ర మాత్రం వద్దన్నాను. నాన్న సంగతి నీకు గుర్తుందిగా. తుంటి విరిగి పూర్తి మత్తులోకి వెళ్ళాడు. తిరిగొచ్చినవాడు మన నాన్నే గానీ బాణీలు తిరిగి రాలేదు. మళ్ళీ ఫిడేలు ముట్టుకోలేదు. నా బుర్రలో మూడొందల బాణీలున్నాయి, ఒక్కటీ కాగితం మీద లేదు. నాకు సంగీతం రాయడం రాదని నీకు తెలుసు. బుర్ర తుడుచుకుపోతే నేనేం చేసుకోను? శనివారాలు ఎవరు వాయిస్తారు?

ముప్ఫై ఏళ్ళు మత్తు వదిలే గదిలో నర్సుగా చేశావు కాబట్టి అడుగుతున్నాను. నీకు ఫోను పడదు, నాకు కంప్యూటరు పడదు. అందుకని రీటా దీన్ని త్వరగా చేరే టపాలో వేస్తానంది. నువ్వూ అలాగే రాయి.

నీ తమ్ముడు
లాకీ

సడ్‌బరీ, ఒంటారియో
ఫిబ్రవరి

ఒరేయ్ లాకీ,

అరవై ఆరేళ్ళొచ్చాయి, మంచు మీద నడవడం రాలేదు నీకు. ఫిడేలు పడిపోతే డూగల్డ్ అతికించేవాడు కదరా.

సరే, అడిగావు కాబట్టి చెప్తున్నాను. నువ్వు పూర్తి మత్తే తీసుకో. ఈ రోజుల్లో అది నువ్వనుకున్నంత భయంకరమైనదేం కాదు. లేచాక గొంతు గరగరలాడుతుంది, కడుపులో తిప్పుతుంది, ఒకటి రెండు రోజులు చిరాగ్గా ఉంటుంది. ముసలాళ్ళకి ఆపరేషన్ తర్వాత కాస్త తికమక రావచ్చు, నిజమే. కానీ అది నడుములో సూది వేయించుకున్నవాళ్ళకీ వస్తుంది. రెండు రకాలవాళ్ళనీ నా చేతుల్తో చూశాను. నాన్న సంగతి వేరు. దాన్ని ఇందులోకి లాగకు.

కాలి నరం జోలికి మాత్రం పోనివ్వకు. నూటికి తొంభైతొమ్మిది మందికి ఏమీ కాదు. ఆ మిగిలిన ఒక్కడికి కాలు కొన్నాళ్ళు మొద్దుగానే ఉండిపోతుంది. నీకు కాలు ముఖ్యం. ఫిడేలు చేత్తో వాయిస్తావు గానీ హాలంతా ఆడేది నీ కాలి తాళానికే.

ఎలాగూ నా మాట వినవు. వినకపోతే ఈ రెండు ముక్కలైనా విను. నరం మత్తు దిగకముందే నొప్పి మాత్రలు వేసుకో, దిగాక వేసుకుంటే లాభం లేదు. మత్తున్నంతసేపు కాలు నేలకి తగలనివ్వకు. నొప్పి తెలియని కాలు పసిబిడ్డ లాంటిది, ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి.

రీటాకి నా ముద్దులు.

ఎఫీ

మెక్కే కోవ్
మార్చి

అక్కా,

అయిపోయింది. బుర్ర బుర్రలాగే ఉంది. మొత్తం మెలకువతోనే ఉన్నాను.

నడుములో సూది, మోకాలి వెనక ఇంకో సూది. రెండూ వేయించుకున్నాను, తిట్టుకో. డాక్టరమ్మ నిదానంగా ఉంది. "కాళ్ళు వెచ్చబడుతున్నాయా మిస్టర్ గిలిస్?" అని అడిగింది. కాసేపటికి నడుము కింద నేనున్నానో లేదో నాకే తెలీలేదు. ఎదురుగా తెర కట్టారు. అవతల డ్రిల్లు గుర్రుమంటోంది. ఊరికే పడుకుని ఏం చెయ్యను, మనసులో గంతులేస్తున్న జిగ్గు బాణీ ఒకటి నోటితో అందుకున్నాను. తెర వెనక నించి ఎముకల డాక్టరు అన్నాడు కదా, "పెద్దాయనా, ఆ పాట కాస్త మెల్లగా పాడండి, నా చెయ్యి దాంతో పరిగెడుతోంది." నర్సులందరూ నవ్వారు. నిద్రపోయి ఉంటే ఇదంతా పోగొట్టుకునేవాణ్ణి.

మర్నాడు మధ్యాహ్నం ఇంటికి పంపేశారు. కాలు ఇంకా మొద్దుగానే ఉంది, బీరువాకి కాలున్నట్టు. సాయంత్రం మిన్నీ వచ్చింది, డూగల్డ్ వచ్చాడు, సగం ఊరు వంటింట్లోనే ఉంది. ఓట్స్ బిస్కెట్లు, చేపల సూపు, డూగల్డ్ కోటు జేబులో సీసా. ఫిడేలు వాయించేవాడు మంచాన పడితే బాణీ లేకుండా ఊరుకోవడం మన దగ్గర ఎక్కడుంది? మిన్నీ పియానో ముందు కూర్చుంది. నేను కాలు స్టూలు మీద పెట్టుకుని రెండు బాణీలు వాయించి పడుకున్నాను. అంతే.

డాక్టరమ్మ మంచిది. నీ భయాలన్నీ ఉత్తివే.

లాకీ

వదినా,

కవరు అంటించే పని నాది కాబట్టి ఆయన రాయనిది నేను రాస్తున్నాను. రెండు బాణీలు కాదు. సీసా అయిపోయేదాకా వాయించారు. మొదటి బాణీకి కాలు స్టూలు మీదే ఉంది. తర్వాత ఎప్పుడు దిగిందో నేను చూడలేదు, సూపు కలుపుతున్నాను. చూసేసరికి కట్టుతో సహా ఆ కాలితో నేలని దబదబా తంతున్నారు. ఆయనకి తెలిస్తే కదా. మిన్నీ పియానో ఆపి, "లాకీ, నీ తాళమేంటి గోనెసంచి పడేసినట్టుంది?" అన్నాక అందరం కిందికి చూశాం. కట్టు మీద రక్తం.

పొద్దున్న మత్తు దిగింది. మాత్రలు ముందే వేసుకోమని నువ్వు రాసిన ఉత్తరం ఆయన దిండు కిందే ఉంది. ఆయన మాత్రం వేసుకోలేదు. ఆ అరుపులకి కుక్క బయటికి పోయి సాయంత్రం దాకా రాలేదు. ఆస్పత్రికి వెళ్దామంటే, చెప్తే తిడతారని వద్దంటున్నారు. నేను రాశానని చెప్పకు.

రీటా

సడ్‌బరీ
మార్చి

లాకీ,

కాలు జారితే తీసుకోవచ్చంటారు. నువ్వు దాన్ని కూడా తీసుకోలేకుండా చేశావు.

ఈ ఉత్తరం అందిన రోజే ఆస్పత్రికి వెళ్ళు. కాలితో తాళం వేశానని ఎముకల డాక్టరుకి నీ నోటితో నువ్వే చెప్పు. సిగ్గుపడి దాస్తే ఆయన వేరే కారణాలు వెతుక్కుంటూ కూర్చుంటాడు. పిక్క వాచిందేమో చూడమను. పాదం మీద వేలు పెడితే తెలుస్తోందో లేదో చూడమను.

ఎవరు చెప్పారని రీటాని అడగొద్దు. నీ పెళ్ళాం సరిగ్గా చేసింది.

ఎఫీ

మెక్కే కోవ్
ఏప్రిల్

అక్కా,

నువ్వన్నట్టే వెళ్ళాను. చెప్పాను. ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి, నా మొహం చూసి, మళ్ళీ ఎక్స్‌రే చూశాడు. "మిస్టర్ గిలిస్, ఇరవై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను. పేషెంట్లు మంచం మీంచి పడ్డారు, మెట్ల మీంచి పడ్డారు. ఆపరేషన్ మర్నాడు కూర్చుని డాన్సుకి తాళం వేసింది మీరొక్కరే." రీటా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

రెండు స్క్రూలు వెనక్కి వచ్చేశాయి. కీలు తెరుచుకుంది. అలాగే వదిలేస్తే ఏడాది తిరక్కుండా అరిగిపోయి ఇక జీవితమంతా కుంటడమే. మళ్ళీ విప్పి బిగించాలట. ఇది చాలదన్నట్టు పిక్కలో రక్తం గడ్డకట్టింది. గోరుచుట్టు మీద రోకటిపోటు. రక్తం పలచబడే మందు ఇచ్చారు.

అసలు సంగతి ఇప్పుడు రాస్తున్నాను. పాదం మీద స్పర్శ లేదు. బొటనవేలి నించి చీలమండ దాకా పైభాగం నాది కాదు. మత్తు సూది వల్లో, ఆపరేషన్లో కాలికి కట్టిన పట్టీ వల్లో, వాపు వల్లో, నా తాపుల వల్లో చెప్పలేమన్నారు. రావచ్చు, నెలలు పట్టచ్చు అన్నారు. రెండో కాలితో తాళం వేసి చూశాను. ఎడంచేత్తో అన్నం తిన్నట్టుంది. నీ మాట విని ఉండాల్సింది.

ఇప్పుడు ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఈసారి నడుములో సూది వెయ్యనంది డాక్టరమ్మ. రక్తం పలచబడే మందు మీద ఉన్నవాడికి వెన్నులో నెత్తురు చేరితే కాళ్ళు రెండూ పోతాయట. మందు ఆపుదామంటే గడ్డ ఇంకా పచ్చిగా ఉంది. కాలి నరానికి వేద్దామంటే, ముందే మొద్దుబారినదాని జోలికి ఇంకోసారి పోనంది. ఇక మిగిలింది నిద్రే.

నేను ఒప్పుకోలేదు. కుంటుతాను. కుర్చీలో కూర్చుని వాయించేవాడికి కుంటితే ఏం పోయింది? కాలు పోతే సగం వాయిస్తాను. బుర్ర పోతే నాన్నలాగే పొయ్యి పక్కన కూర్చుని కిటికీలోంచి సముద్రం చూస్తాను. రీటా నాతో మాట్లాడ్డం మానేసింది. ఉత్తరాలు మాత్రం అంటిస్తోంది.

లాకీ

సడ్‌బరీ
ఏప్రిల్

లాకీ,

ఈ ఉత్తరం రెండుసార్లు రాసి చింపేశాను. నాన్నకిచ్చిన మాట ఒకటుంది. ఆయన పోయి ముప్ఫై ఏళ్ళు దాటింది. బతికున్న తమ్ముడి కాలు కంటే పోయినవాడికిచ్చిన మాట పెద్దది కాదని తేల్చుకున్నాను.

నాన్న బాణీలు మత్తు తీసుకుపోలేదు. తుంటి విరగడానికి ఏడాది ముందు నించే పోతున్నాయి.

నేను అప్పుడు ప్రతి శనివారం స్టేజి పక్కన ఆయన మోకాలి దగ్గరే కూర్చునేదాన్ని, గుర్తుందా? పెళ్ళికాని పిల్ల డాన్సు చెయ్యకుండా ముసలాడి పక్కన కూర్చుంటుందేంటని అమ్మలక్కలు అనేవాళ్ళు. ఆయన మొదటి సగం వాయించేవాడు. రెండో సగం వచ్చేసరికి నావైపు వంగేవాడు. నేను నోటితో మెల్లగా అందించేదాన్ని, రెండు ముక్కలు, అంతే. అందుకునేవాడు. ఎవరికీ తెలియదు. అమ్మకి తెలుసు.

ఆ వేసవి ఆఖర్లో ఒక శనివారం నేను అందించినా ఆయన అందుకోలేకపోయాడు. కళ్ళు నా మీదే ఉన్నాయి, చెయ్యి ఆగింది. అప్పుడే కదా లేచి నించుని, "ఇక మావాడి వంతు" అని నీ చేతికి ఫిడేలిచ్చాడు. జనం చప్పట్లు కొట్టారు. నువ్వు ఎర్రబడిపోయావు. ఇంటికి వెళ్ళే దార్లో నాన్న నాతో అన్నాడు, "వాడికి చెప్పకే. బాగా వాయిస్తున్నాడు కాబట్టి ఇచ్చాననుకోనీ."

తర్వాత తుంటి విరిగింది. ఊరంతా ఆస్పత్రిని, మత్తుని తిట్టారు. ఆయన ఊరుకున్నాడు. మతి పోతోందని ఊరికి తెలియడం కంటే అది ఆయనకి మర్యాదగా కనిపించింది. మేమూ ఊరుకున్నాం.

నీ బాణీలు పోతే వయసు వల్ల పోతాయి, అప్పుడు చూద్దాం. ఒక నిద్ర వల్ల పోవు. ముందు రోజు నువ్వు తీసుకునే మందులన్నీ ఆ డాక్టరమ్మకి చెప్పు, డూగల్డ్ సీసాతో సహా. లేచాక నీ పక్కన రీటా ఉండాలని అడుగు. కళ్ళజోడు ఆమె చేతిలో ఉండాలి. లేచిన ముసలాళ్ళకి తెలిసిన మొహం కనపడితే తికమక సగం తగ్గుతుంది.

కోపం వస్తే రాయి. కాలు మాత్రం బాగు చేయించుకో.

ఎఫీ

మెక్కే కోవ్
మే

అక్కా,

కోపం వచ్చింది. వారం రోజులు నీకు రాయలేదు, రీటాని రాయనివ్వలేదు. నలభై ఏళ్ళుగా నేను గెలుచుకున్నాననుకున్న కుర్చీ, ఖాళీ అయితే కూర్చోబెట్టారని తెలిస్తే ఎవడికి రాదు?

ఆదివారం మిన్నీ వచ్చింది. ఆవిడకి నీ ఉత్తరం చదివి వినిపించాను. ఆవిడ అప్పుడు కూడా పియానో దగ్గరే ఉంది కదా. "ఆ రోజు హాల్లో ఫిడేలు పట్టేవాళ్ళు అయిదుగురున్నారు లాకీ. మీ నాన్న వాళ్ళందర్నీ దాటుకుని వెనక బెంచీ దాకా నడిచొచ్చాడు. బాణీలు మర్చిపోయాడేమో గానీ ఎవరికివ్వాలో మర్చిపోలేదు" అంది. ఆ మాటతో నాకు ఏడుపొచ్చింది. మిన్నీ టీ పెట్టుకోవడానికి వెళ్ళింది, వెళ్ళి రావడానికి చాలాసేపు పట్టింది.

ఆపరేషన్ అయింది. నిద్రలోకే వెళ్ళాను. డాక్టరమ్మ నా మూతి మీద మాస్కు పెట్టి, "ఏదైనా ఒక బాణీ తలుచుకోండి" అంది. నాన్నది, నడక తాళంలో సాగే ఆ నెమ్మదైన మార్చ్ బాణీ తలుచుకున్నాను. మొదటి సగం కూడా పూర్తవలేదు.

లేచేసరికి రీటా మొహం, నా కళ్ళజోడు. గొంతు నువ్వన్నట్టే గరగర. ఆ సాయంత్రం రీటాని రెండుసార్లు అమ్మా అని పిలిచానట. మర్నాడు పొద్దున్న నాన్న బాణీ అందుకుంటే రెండో సగం రాలేదు. రీటా ఏం చేసిందో తెలుసా, పక్కన కూర్చుని స్వెటర్ అల్లుకుంటూ దాన్ని కూనిరాగం తీసింది, తప్పుల తడకగా. "అది కాదే" అని సరిదిద్దబోయాను. మొత్తం వచ్చేసింది. ఇంటికొచ్చాక ఒక్కొక్కటీ వాయించి చూసుకుంటున్నాను. ఇంకా పోయినవేమీ తేలలేదు. పోయినవేవో తెలుసుకోవడం ఎలాగని అడక్కు, అది నాకూ తెలీదు.

ఈసారి కాలు రీటా కాపలాలో ఉంది. సాయంత్రాలు తువ్వాలుతో స్టూలుకి కట్టేస్తోంది. నిన్నటి నించి పాదం మీద చీమలు పాకుతున్నట్టుంది. గోక్కుంటే ఏమీ తెలియదు గానీ చీమలు మాత్రం ఉన్నాయి. నరం లేస్తోందన్నాడు డాక్టరు.

ఒక్క సంగతి అడుగుతాను. ఇక్కడ అందరూ నా బుర్ర గురించే అడుగుతున్నారు. నువ్వొక్కదానివే మొదటి ఉత్తరం నించీ కాలు, కాలు అంటున్నావు. ఎందుకే?

లాకీ

సడ్‌బరీ
జూన్

లాకీ,

చీమలు పాకుతున్నాయంటే నాకెంత సంతోషంగా ఉందో చెప్పలేను. పాకనీ.

అడిగావు కాబట్టి చెప్తున్నాను. నాకు ఫోను పడదని మూడేళ్ళుగా అంటున్నాను కదా. లైను బాలేదని, గొంతులు కలిసిపోతున్నాయని. లైను బాగానే ఉంది. నా చెవులు పోయాయి. ఎదుటి మనిషి మొహం చూస్తూ చెవి మెషీను పెట్టుకుంటే మాటలు ఏదో తెలుస్తాయి. సంగీతం మాత్రం రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఆడించినట్టుంటుంది. ఫిడేలు మరీనూ. నీకు చెప్తే నా ముందు వాయించడం మానేస్తావని చెప్పలేదు.

కిందటేడు ఆగస్టులో వచ్చినప్పుడు హాల్లో స్టేజి పక్కన బూట్లు విప్పేసి కూర్చున్నాను. "అలిసిపోయిన టూరిస్టులా కూర్చున్నావేంటే" అని మైకులో ఎగతాళి చేశావు, అందరూ నవ్వారు. నా పాదాలు నేల మీద ఉన్నాయిరా. నీ కుడికాలు పడిన ప్రతిసారీ చెక్కలోంచి నా మడమల్లోకి వచ్చేది. దాన్నిబట్టి జిగ్గో, మార్చో తెలిసిపోయేది. ఆ మీద బాణీ నాకు నేనే పాడుకునేదాన్ని. నా దగ్గర కూడా ఉన్నాయి కదా మూడొందలు, నాన్నకి అందించినవి. అంతకుముందు వేసవికంటే కిందటేడు ఆ తాళం బలహీనంగా వచ్చింది. కమిటీవాళ్ళు స్టేజి మీద తివాచీ పరిచారు కదా, అందుకనో, లేక నా కాళ్ళు కూడా చెవుల దారే పట్టాయో అనుకున్నాను.

నీకు చేతులున్నాయి, బుర్ర ఉంది. నాకు మాత్రం నీ కాలే ఫిడేలు. స్వార్థమే అనుకో.

ఆగస్టులో వస్తాను. నువ్వు వాయించినా, వాయించకపోయినా.

ఎఫీ

మెక్కే కోవ్
జులై

అక్కా,

కట్టు విప్పేశారు. చేతికర్రతో నడుస్తున్నాను. పాదం మీద చిటికెన వేలి పక్కన కాస్త మేర ఇంకా మొద్దుగానే ఉంది. మిగతాది నాదే. నేల తగిలితే తెలుస్తోంది. ఎముకల డాక్టరు మెల్లగా తాళం వేసుకోమన్నాడు. "మెల్లగా" అని రీటావైపు చూసి చెప్పాడు, నావైపు కాదు.

నీ ఉత్తరం పట్టుకుని హాలుకి వెళ్ళాను. నేనూ డూగల్డ్ కలిసి స్టేజి మీద తివాచీ పీకేశాం. కింద రబ్బరు కూడా వేశారు వెధవలు, అదీ పీకేశాం. కమిటీ ప్రెసిడెంటు వచ్చి, "కొత్త తివాచీ, ఎవర్నడిగి తీశారు?" అని లేచింది. "మా అక్క వినాలి" అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు. మిన్నీ చెప్పింది. అప్పుడావిడే వెళ్ళి సుత్తి తెచ్చి మిగిలిన మేకులు పీకింది.

నా కుర్చీ కింద, స్టేజి మీదికే ఎక్కించిన నీ కుర్చీ కింద ఒకే చెక్క పలక వచ్చేట్టు జరిపాం. డూగల్డ్ నీ కుర్చీలో బూట్లు విప్పి కూర్చున్నాడు, చెవుల్లో దూది కుక్కుకుని. నేను వాయించాను. జిగ్గయితే జిగ్గన్నాడు, మార్చయితే మార్చన్నాడు. వాడి మేజోళ్ళ కంపు పలకకి పట్టింది, నువ్వొచ్చేలోగా రీటా కడుగుతానంది.

నిన్న నాన్న బాణీ వాయిస్తుంటే రెండో సగం దగ్గర ఒక్క క్షణం ఏమీ తోచలేదు. మత్తు కాదు, అది దిగి రెండు నెలలైంది. వచ్చేసిందిలే, కానీ చెయ్యికంటే ముందు కాలు ఆగింది. అది గమనించాను. నాకిక దాచాలని లేదు, నీకు చెప్తున్నాను.

ఆగస్టులో మేజోళ్ళు వేసుకోకుండా కూర్చో. కాలు ఆగిందంటే నేను రెండో సగం మర్చిపోయానన్నమాట. అప్పుడు కొంచెం ముందుకి వంగి నాకు అందించు. నీకు వినపడకపోతే ఏం, నాకు వినపడుతుంది.

లాకీ